ఒక్కటే సీటు

ఫోన్ల గడియారం ఎనుకకు తిరుగుతుంది.
ఇంక పదకొండు గంటల నలభై నిమిషాలేనట.
తొమ్మిది వెండి బిళ్ళలు, మఖమల్ పెట్టె,
నంబరేసిన పత్రం,
మళ్ళ అచ్చు పొయ్యమని ఒట్టు.
ధర పద్దెనిమిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది.
ఆ ఒక్క రూపాయి ఎందుకు ఇడిచిపెట్టిండ్రో
ముప్పై ఏండ్లు చిల్లర లెక్కవెట్టినోనికి చెప్పాల్నా?

దేవరకొండ డిపోల కండక్టర్ని నేను.
తోలుసంచిల చెయ్యివెట్టి
చూడకుంటనే చెప్పేటోన్ని:
ఇది అంచులు అలలు తిరిగిన పది పైసలు,
ఇది పావలా,
ఇది చెల్లదు, నిజాం నాటి చిల్లు పైస.
చెల్లనియన్ని నాయే.
నా జేబుల పైసలు సంచిల ఏసి
వాటిని ఇంటికి తెచ్చుకునేటోన్ని.
గట్ల తగులుకుంది ఈ పిచ్చి.

ప్రకాశం బజార్ల ఔసుల మనోహరాచారిని అడిగిన.
అద్దాలు నొసటికెక్కిచ్చి
పాత పేపరు అంచు మీద లెక్కేసిండు.
"వెండి ధర సగం. మిగిలిన సగం
పెట్టెది, మాటలది.
కొనుక్కోవద్దని అనను, కండ్లకు ఇంపైతే కొనుక్కో.
రేపు అమ్మనీకి తెస్తే మాత్రం
పెట్టెను నేను తరాజుల ఎయ్య, అన్నా!"

కొండమల్లేపల్లి చౌరస్తా యాదికొచ్చింది.
మా బస్సు ముంగట జీపు అడ్డంవెట్టి
"ఒక్కటే సీటు, ఒక్కటే సీటు, నల్లగొండ!" అని
గొంతు చించుకునే కుర్మయ్య.
ఉరికొచ్చి ఎక్కినోడు చూస్తే
లోపల ఓ మేకపిల్ల తప్ప ఎవ్వరు లేరు.
ఆ ఒక్కటే సీటు
పదహారుమంది కూసున్నంక గూడ నిండకపోయేది.

గంత తెలిసి గూడ
ఏలు ఆ బొత్తాం మీదనే ఉంది.
అబద్ధం ఎందుకు, మెరుపు మెరుపే.
ఎవ్వరి చెమట అంటని వెండి.
నా డబ్బాలున్నయన్ని నల్లటియి, అరిగినయి,
చింతపండు వాసనొచ్చేటియి.

రిజిస్టర్ తీసిన. నలభై ఒకటో నంబరు.
కొండి అతికిచ్చిన రాణిబొమ్మ రూపాయి.
హైదరాబాద్ బేరగాడొకడు చూసి పెదవిరిచిండు:
"అతుకు వడ్డది, కాక, సగం ధర గూడ రాదు."

గుర్రంపోడు దాటినంక, తండకాడ
ఒకామె చెయ్యెత్తింది. పేరు జమ్కు,
ఎన్క సీట్ల ముసలామె పిలుస్తుంటె ఇన్న.
బుజం మీద పిల్లగాడు, మెడ నిలబడ్తలేదు.
పెద్దాసుపత్రికట. టికెట్ పదకొండు రూపాయలు.
కొంగుముడి ఇప్పితే నాలుగున్నర.
డ్రైవరు హారన్ కొట్టిండు.
ఆమె మెడల పేరు పట్టి గుంజింది,
పుటుక్కుమంది.

తీసుకున్న.
నా పదకొండు సంచిల ఏసి
తులం వెండి జేబుల ఏసుకున్న.
ఆమె నాలుగున్నర ఆమెకే వాపసిచ్చి
దాన్ని దయ అనుకున్న.
రైట్ రైట్ అన్న.
ఆ రాత్రి సంబరంతోటి నిద్రవట్టలే.

గడువంటే గది.
ఆమె బుజం మీద కాలుకుంట ఉండె.
నాకేం తొందర? నేను బేరం చేస్తున్న.
వాపసు ట్రిప్పుల ఆమె ఎక్కలే.
మరునాడు గూడ అదే రూటు నాది,
తండకాడ బస్సు ఆగింది,
నేను దిగి అడగలే.

బొత్తాం మీదికెల్లి ఏలు ఎప్పుడు తీసిన్నో తెల్వదు.
పొద్దున లేచేసరికి ఫోను మళ్ళ మోగింది:
మీ కోసమే గడువు ఇంకో మూడు దినాలు పెంచినం.
నవ్వొచ్చింది.
కుర్మయ్య జీపు ఇంక చౌరస్తాలనే ఉన్నది.

రిజిస్టర్ల నలభై ఒకటికాడ
కొన్న ధర: పదకొండు రూపాయలు.
పక్కన విలువ గడి,
ఇరవై ఎనిమిదేండ్ల నుంచి ఖాళీ.
పెన్ను మూత తీసిన.
సిరా ఎండిపోయిందేమో అని
అరచేతి మీద గీకి చూసిన.
రాస్తుంది.